చిన్ననాటివి గుర్తున్నాయి, పొద్దున తిన్నది గుర్తులేదు

“మా నాయినకు మతిమరుపు ఎక్కడిది డాక్టరమ్మా? అరవై ఏండ్ల కిందటి ముచ్చట్లు కూడా పూసగుచ్చినట్టు చెప్తడు.”

రాంనగర్ నుంచి వచ్చిన ఒక కొడుకు మా ఓపీలో అన్న మాట ఇది. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాము. పక్క కుర్చీలో కూర్చున్న తండ్రికి 76 ఏళ్ళు. అజామాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. మేము పలకరించగానే నల్లగొండ జిల్లాలోని తన ఊరు, చెరువులో ఈత, తండ్రి వెంట మొదటిసారి పట్నం వచ్చిన రోజు, అన్నీ వరుసగా చెప్పారు. మొదటి జీతంతో తల్లికి కొన్న చీర రంగు కూడా చెప్పారు. వింటున్న మాకే ముచ్చటేసింది.

ఆ తర్వాత ఒక చిన్న ప్రశ్న అడిగాము. “పొద్దున ఏం తిన్నారు పెద్దాయనా?”

ఆయన నవ్వి, భార్య వైపు తల తిప్పి, “ఆమెనడుగుండ్రి, వండేది ఆమెనే గద” అన్నారు. ఇవాళ ఏ వారం అని అడిగితే మళ్ళీ అటే తిరిగారు. అప్పుడు ఆ తల్లి మెల్లగా చెప్పింది. “పోయిన ఐతారం చేపల మార్కెట్‌కు పోయి చేపలు తెచ్చిండు. నేను కడుగుతుంటెనే సంచి పట్టుకొని పోయి మళ్ళ తెచ్చిండు. పాలాయనకు పైసలు రెండుసార్లు ఇచ్చిండు. పిల్లలు భయపడ్తరని చెప్పలే.”

కొడుకు ముఖంలో రంగు మారింది. ఆయన తప్పేమీ లేదు. ఉప్పల్‌లో ఉంటూ వారానికోసారి వచ్చి తండ్రితో గంటసేపు మాట్లాడి వెళతారు. ఆ గంటలో తండ్రి పాత కబుర్లే చెబుతారు. అవి చక్కగా ఉంటాయి. అందుకే అంతా బాగుందనుకున్నారు.

ఈ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఇదే. చిన్ననాటి సంగతులు బాగా గుర్తుండడం మంచిదే కానీ, జ్ఞాపకశక్తి బాగుందనడానికి అది రుజువు కాదు. అలాగని ముసలివాళ్ళ ప్రతి మతిమరుపూ జబ్బు కాదు. ఈ రెండింటి మధ్య తేడా ఇంట్లోవాళ్ళకు తెలిస్తే ఎంతో మేలు జరుగుతుంది.

ఇన్‌వర్డ్ గుమాస్తా, రికార్డు రూము

మన చిక్కడపల్లి, అశోక్ నగర్, రాంనగర్ వీధుల్లో ప్రభుత్వ ఆఫీసుల్లోనూ ఆర్టీసీలోనూ పనిచేసి రిటైరైనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు తెలిసిన పోలికే చెబుతాము.

ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ ఇన్‌వర్డ్ గుమాస్తా తీసుకుని, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కిస్తాడు. ఆ తర్వాత ఫైలు కట్టి రికార్డు రూముకు పంపుతారు. ఇన్‌వర్డ్ గుమాస్తా జబ్బుపడి సెలవు పెట్టాడనుకోండి. ఆ రోజు వచ్చిన కాగితాలు ఎక్కడికీ పోవు. బల్ల మీదే పడి ఉండి, గాలికి ఎగిరిపోతాయి. కానీ రికార్డు రూములో ఉన్న యాభై ఏళ్ళ ఫైళ్ళు చెక్కుచెదరవు. ఎవరు అడిగినా తీసి ఇవ్వవచ్చు.

మన మెదడులో ఆ ఇన్‌వర్డ్ గుమాస్తా పని చేసే భాగం పేరు హిప్పోకాంపస్. చెవుల పై వైపు, మెదడు లోపల కుడి ఎడమల ఒక్కొక్కటి ఉంటుంది. చూడడానికి సముద్రపు గుర్రం అనే చేప ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు పెట్టారు. కొత్తగా చూసినది, విన్నది ముందు దీని చేతుల మీదుగా వెళ్ళాలి. పదేపదే తలచుకున్నవి, మనసుకు హత్తుకున్నవి కాలక్రమేణా మెదడు పై పొరల్లో అనేక చోట్ల స్థిరపడతాయి. అదే రికార్డు రూము. అల్జీమర్స్ జబ్బు సాధారణంగా ముందుగా దెబ్బతీసేది హిప్పోకాంపస్‌నూ దాని చుట్టుపక్కలనూ. అందుకే పొద్దున తిన్న ఉప్మా పోతుంది, పదో ఏట తిన్న జొన్నరొట్టె ఉంటుంది.

పాతవి నిలిచి కొత్తవి ముందుగా పోతాయన్న సంగతిని ఫ్రాన్సు దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త థియోడ్యూల్ రిబో 1881లోనే రాశారు. కారణం మాత్రం తర్వాత చాలా ఏళ్ళకు తెలిసింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గడం కోసం 1953లో మెదడు ఆపరేషను చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్‌లో ఎక్కువ భాగం తీసివేశారు. అప్పటికి అతనికి 27 ఏళ్ళు. మూర్ఛలు తగ్గాయి. చిన్ననాటి సంగతులు నిలిచాయి. కానీ ఆ రోజు తర్వాత ఎవరిని కలిసినా, ఏమి తిన్నా కాసేపటికి గుర్తుండేది కాదు. 2008లో చనిపోయేవరకూ అలాగే బతికారు. ఇప్పుడు డాక్టర్లకు జ్ఞాపకం గురించి తెలిసినదానిలో చాలా భాగం ఆ ఒక్క మనిషి ఓర్పువల్ల తెలిసిందే.

బాల్యం, పడుచుతనం ఎందుకంత గట్టిగా ఉంటాయి?

జబ్బు లేనివాళ్ళలో కూడా ఒక విశేషం ఉంది. అరవై దాటినవాళ్ళను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, పదో ఏడు నుంచి ముప్పయ్యో ఏడు వరకు జరిగినవే ఎక్కువగా చెబుతారు. ఇది అనేక దేశాల్లో గమనించిన విషయం. మొదటి ఉద్యోగం, పెళ్ళి, తొలి చూలు, ఇవన్నీ ఆ వయసులోవే. కొత్తగా జరిగినది బాగా ముద్ర పడుతుంది. పైగా వాటిని మనం వందసార్లు చెప్పుకుని ఉంటాము. చెప్పిన ప్రతిసారీ ఆ దారి ఇంకొంచెం గట్టిపడుతుంది.

చేతులకు గుర్తుండే పనులు మరో రకం. హెన్రీ మొలైసన్ చేత, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించే పరీక్ష చేశారు. అది ఎవరికైనా మొదట కష్టమే. రోజురోజుకూ ఆయన బాగా గీయడం నేర్చుకున్నారు. కానీ ప్రతిరోజూ, ఈ పని ఇదే మొదటిసారి చేస్తున్నాననుకునేవారు. చేతి పనుల జ్ఞాపకానికి మెదడులో వేరే దారి ఉందన్నమాట. అందుకే కుట్టుపని చేసిన తల్లి వాన చినుకును మరిచిపోయినా సూదిలో దారం ఎక్కించగలదు. మన పెద్దాయనకు ఓపీ తలుపు గడియ వదులుగా ఉందని కనబడింది. లేచి వెళ్ళి చేత్తో ఊపి చూసి, ఏ స్క్రూ బిగించాలో చెప్పారు. నలభై ఏళ్ళ పని ఆ వేళ్ళలో అలాగే ఉంది.

ఆరాధనలో కూడా మీరు చూసే ఉంటారు. మనుమల పేర్లు తడబడే అమ్మమ్మ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోని పాట ఎత్తుకోగానే పుస్తకం లేకుండా అన్ని చరణాలూ పాడుతుంది. పాట, రాగం, చిన్ననాటి నుంచి పాడిన అలవాటు, మూడూ కలిసి ఆ మాటలను కాపాడతాయి.

ఏది వయసు, ఏది జబ్బు?

వయసుతో మెదడు కొంత నిదానిస్తుంది. పేరు నాలుక చివర ఉండి బయటకు రాదు, గంట తర్వాత వస్తుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోతాము, వెతికితే దొరుకుతుంది. ఇది జబ్బు కాదు. కొన్ని ఉదాహరణలు చూడండి.

గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాద్‌కు మారింది. అంతకుముందు అక్కడ జైలు ఉండేది. ఇప్పటికీ “జైలు కాడ దిగిన” అనే పెద్దవాళ్ళున్నారు. అది పాత అలవాటు, జబ్బు కాదు. కానీ ఆ జైలు ఇంకా అక్కడే ఉందని గట్టిగా వాదిస్తే, చెప్పినా ఒప్పుకోకపోతే, ఆలోచించాలి.

ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ వరకు స్టీలు వంతెన 2023 ఆగస్టులో మొదలైంది. చాలా ఏళ్ళ తర్వాత ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ వంతెన కింద నిలబడి, ఎటు వెళ్ళాలో తెలియక ఒక నిమిషం తికమకపడితే వింత లేదు. ఊరే మారింది. కానీ నలభై ఏళ్ళుగా నడిచిన సొంత గల్లీలో ఇల్లు దొరకకపోతే అది మామూలు మతిమరుపు కాదు.

కరెంటు బిల్లు ఒక నెల మరిచిపోతే వయసు. బిల్లు ఎలా కట్టాలో, చిల్లర ఎలా లెక్కపెట్టాలో తెలియకపోతే జబ్బు కావచ్చు. కథ రెండోసారి చెబితే వయసు. పది నిమిషాల్లో అదే ప్రశ్న ఐదుసార్లు అడిగితే, ఇంతకుముందే అడిగానన్న స్పృహ లేకపోతే, డాక్టరుకు చూపించాలి. వండేటప్పుడు ఉప్పు ఒకసారి మరవడం అందరికీ ఉన్నదే. ఏళ్ళ తరబడి వండిన పులుసులో ఏది ముందు ఏది తర్వాత అన్నది తెలియకపోవడం వేరు. మనిషి స్వభావం మారడం, లేనిపోని అనుమానాలు, ఎన్నడూ లేని కోపం, అందరిలోకి రాకుండా మూల కూర్చోవడం కూడా గమనించాలి.

మరో గుర్తు పైన చెప్పినదే. ప్రశ్న మీరు అడిగితే జవాబు కోసం ప్రతిసారీ భార్య వైపో బిడ్డ వైపో తల తిప్పడం. డాక్టర్లు దీన్ని జాగ్రత్తగా గమనిస్తారు. ఇంట్లో మనం దాన్ని ప్రేమ అనుకుంటాము, బిడియం అనుకుంటాము. ఒక్కోసారి అది సహాయం కోసం పిలుపు.

మనదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అంటే పెద్దవాళ్ళు ఎక్కువగా ఉన్న ఏ సంఘంలోనైనా ఇలాంటి ఇల్లు ఒకటి రెండు ఉండే అవకాశం ఉంది.

అన్నీ అల్జీమర్స్ కాదు

డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన, రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గిపోయే స్థితి. దానికి కారణాల్లో అల్జీమర్స్ ముఖ్యమైనది. జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జైమర్ 1906లో దీన్ని మొదటిసారి వివరించారు కనుక ఆ పేరు వచ్చింది. మెదడులో రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చేది మరొకటి. ఇవి కాక, చూడడానికి డిమెన్షియాలా కనిపించి, సరైన చికిత్సతో తగ్గేవి లేదా మెరుగుపడేవి కూడా ఉన్నాయి. అందుకే “ముసలితనం గదా” అని ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

నారాయణగూడ నుంచి వచ్చిన ఒక రిటైర్డు టీచరమ్మ సంగతి చెబుతాము. ఈమె వివరాలు కూడా మార్చాము. ఏడాది నుంచి మందకొడిగా ఉంటున్నారు, పేర్లు మరిచిపోతున్నారు, బైబిలు తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చుంటున్నారు. “అమ్మకు అల్జీమర్స్ వచ్చిందండీ” అని కూతురు ఏడుస్తూ వచ్చింది. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది. బి12 విటమిను కూడా తక్కువే. పదేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్ళలు వాడుతున్నారు. ఆ మందు ఎక్కువకాలం వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది. పైగా ఎడమ చెవిలో గులిమి గట్టిపడి ఉంది. థైరాయిడ్ మాత్రలు, బి12 ఇంజెక్షన్లు ఇచ్చి, చెవి శుభ్రం చేశాము. కొన్ని నెలల్లో ఆమె మళ్ళీ సండే స్కూలు పిల్లలకు కథలు చెప్పడం మొదలుపెట్టారు.

అందరికీ ఇలా జరుగుతుందని మేము చెప్పము. కానీ చూపిస్తేనే తెలుస్తుంది. వెతకవలసినవి ఇవి:

థైరాయిడ్, బి12, షుగరు, రక్తంలో సోడియం, కిడ్నీల పనితీరు.

మనసు కుంగిపోవడం. రిటైరైన కొత్తలో, భార్యో భర్తో పోయిన తర్వాత ఇది ఎక్కువ. మనిషి మతిమరుపువాడిలా కనబడతాడు. చికిత్సతో చాలామంది మెరుగుపడతారు.

మందులు. నిద్ర మాత్రలు, కొన్ని జలుబు, అలర్జీ మాత్రలు ముసలివాళ్ళలో మెదడును మసకబారుస్తాయి. మందుల షాపులో అడిగి కొనుక్కున్నవాటితో సహా ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు.

చెవుడు, కంటిశుక్లం. వినబడనిది గుర్తుండదు.

కింద పడడం. తలకు చిన్న దెబ్బే తగిలినా, కొన్ని వారాల తర్వాత పుర్రె లోపల రక్తం గడ్డకట్టి మతి తప్పవచ్చు. పడిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఒక హెచ్చరిక. నిన్నటివరకు బాగున్న పెద్దవారు ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తికమకపడితే, పగలు నిద్ర, రాత్రి పలవరింత మొదలైతే, అది డిమెన్షియా కాదు, అత్యవసర పరిస్థితి. మూత్రంలో ఇన్‌ఫెక్షను, న్యుమోనియా, సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం వంటివి కారణం కావచ్చు. మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబాటు ఉంటే పక్షవాతం. ఇవేవీ తెల్లవారేదాకా ఆగేవి కావు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మన హైదరాబాదు నేర్పిన పాఠం

మెదడు గురించి ప్రపంచమంతా చెప్పుకున్న ఒక పరిశోధన మన పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. వారిలో 391 మంది రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారికన్నా వీరికి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది.

మన వీధుల్లో ఇది కొత్త సంగతి కాదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు, పక్కింటివాళ్ళతో హిందీయో మరాఠీయో. ఒక భాష పక్కన పెట్టి ఇంకొకటి అందుకోవడం మెదడుకు రోజూ జరిగే కసరత్తు అని, అది మెదడుకు కొంత నిల్వశక్తి ఇస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. అయితే రెండు భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు. ఆ 391 మందికీ జబ్బు వచ్చింది, ఆలస్యంగా వచ్చింది. అన్ని దేశాల్లో చేసిన అధ్యయనాలూ ఒకేలా రాలేదు కూడా. మన పెద్దాయనకు తెలుగు, ఉర్దూ రెండూ వచ్చు. ఆయనకూ జబ్బు వచ్చింది. అయినా మనుమలకు తెలుగు మాట్లాడడం నేర్పండి అని మేము అడగడానికి ఇది ఇంకొక కారణం. తాతకు చివరిదాకా మిగిలేది చిన్ననాటి భాషే. ఆ రోజు మనుమడు ఆ భాషలో పలకగలగాలి.

ఇప్పటి నుంచే చేయగలిగినవి

ప్రపంచంలోని నిపుణులు 2024లో లాన్సెట్ పత్రిక తరఫున ఒక నివేదిక ఇచ్చారు. పద్నాలుగు విషయాలను సరిచేసుకోగలిగితే, డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా గానీ ఆలస్యంగా వచ్చేలా గానీ చేయవచ్చని వారి అంచనా. అవి: చిన్ననాడు చదువు లేకపోవడం, చెవుడు, చూపు తగ్గడం, బీపీ, షుగరు, చెడు కొలెస్టరాల్, ఊబకాయం, పొగతాగడం, అతిగా మద్యం, వ్యాయామం లేకపోవడం, మానసిక కుంగుబాటు, తలకు దెబ్బలు, ఒంటరితనం, గాలి కాలుష్యం.

ఈ జాబితాను జాగ్రత్తగా చదవండి. ఇందులో చాలావరకు నలభై, యాభై ఏళ్ళ వయసులో చూసుకోవలసినవి. నాన్నను తీసుకుని ఓపీకి వచ్చే కొడుకు, ఆ రోజే తన బీపీ కూడా చూపించుకోవాలి. మోటారుసైకిలు మీద హెల్మెట్ పెట్టుకోవాలి. అది కూడా మెదడు రక్షణే. పొద్దున సుందరయ్య పార్కులోనో ఇందిరాపార్కులోనో అరగంట వేగంగా నడవండి. ఒంటరిగా కాకుండా ఇంకొకరితో మాట్లాడుతూ నడిస్తే రెండు మందులు ఒకేసారి వేసుకున్నట్టు. చెవి వినబడకపోతే మెషిను పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. ఆడపిల్ల చదువు ఆపకండి. బడిలో గడిచిన ఏళ్ళు డెబ్బయ్యో ఏట అక్కరకు వస్తాయి.

ఇంట్లో ఉన్న పెద్దవారితో

అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. ఉన్న మాత్రలు కొందరికి కొంతకాలం ఉపయోగపడతాయి. తక్కిన చికిత్సంతా ఇంట్లోనే జరగాలి. మా అనుభవంలో మేలు చేసినవి ఇవి.

పరీక్షలు పెట్టవద్దు. “నేనెవరు చెప్పు, గుర్తుపట్టు” అని పదిమంది ముందు అడగడం వారికి అవమానం. “నాయినా, నేను మీ చిన్నబిడ్డను, వచ్చిన” అని మనమే చెబితే సరిపోతుంది.

వాదించవద్దు. చనిపోయిన అమ్మ ఎక్కడ అని అడిగితే, పోయిందని ప్రతిసారీ చెప్పి ప్రతిసారీ ఏడిపించనక్కరలేదు. “అమ్మ గుర్తొచ్చిందా? అమ్మ ఏం వండేది?” అని అడగండి. రికార్డు రూము తలుపు తెరుచుకుంటుంది.

వేళలు మార్చవద్దు. లేవడం, స్నానం, తిండి, ప్రార్థన, నడక, రోజూ అదే వరుసలో జరగనివ్వండి. బాత్రూం తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. రాత్రి చిన్న దీపం ఉంచండి.

ఒక పని ఇవ్వండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్ళు పోయడం. తప్పులు పోయినా ఫరవాలేదు. జీవితమంతా పనిచేసిన మనిషికి “మీరు కూచోండి, మీకు రాదు” అన్న మాట జబ్బుకన్నా బాధిస్తుంది.

పాత ఫోటోలు తీయండి. మనుమలను పక్కన కూర్చోబెట్టి, చిన్ననాటి కథలు చెప్పించి రాయించండి. వారికి ఊరట, మీకు ఆస్తి. ఆ కథలు చెప్పగలిగే కాలం తక్కువని మరవవద్దు.

జేబులో పేరు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ఉంచండి. గ్యాసు స్టవ్, మందుల డబ్బా, బ్యాంకు కార్డు ఎవరో ఒకరి అజమాయిషీలో ఉండాలి. ఆస్తి కాగితాలు, వీలునామా వంటి విషయాలు వారికి తెలివి నిలకడగా ఉండగానే, వారి ఇష్టప్రకారం తేల్చుకోండి.

చూసుకునేవారి సంగతి

ఆ రోజు ఓపీలో మేము మరిచిపోలేని మాట ఆ తల్లి వెళ్ళేముందు అన్నది. “ఆయన మర్చిపోతడు. నేను పండుకోను.” రాత్రి ఆయన లేచి తలుపు తీస్తారేమోనని ఆమెకు రెండేళ్ళుగా సరైన నిద్ర లేదు. ఆమె బీపీ చూస్తే ఆయనకన్నా ఎక్కువగా ఉంది. మేము కూడా ఆయన గురించే అరగంట మాట్లాడి, ఆమెను అడగడం దాదాపు మరిచిపోయాము. ఇప్పుడు మా ఓపీలో ఒక నియమం పెట్టుకున్నాము. మతిమరుపు రోగితో వచ్చినవారి బీపీ కూడా చూస్తాము, నిద్ర గురించి అడుగుతాము.

సంఘస్థులకు మా మనవి. ఇలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు ప్రార్థన చేసి, టీ తాగి వచ్చేయకండి. “అక్కా, రెండు గంటలు నేను కూర్చుంటా, నువ్వు పడుకో” అనండి. 71వ కీర్తనలో, బలం తగ్గిన ముసలితనంలో తనను విడిచిపెట్టవద్దని భక్తుడు దేవుణ్ణి వేడుకుంటాడు. ఆ ప్రార్థనకు దేవుడిచ్చే జవాబులో మన చేతులకు కూడా కొంత పని ఉందని మేము నమ్ముతాము. సలహా కావలసినవారు పెద్దల కోసం ఉన్న జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయవచ్చు.

ఆ పెద్దాయన ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తున్నారు. జబ్బు పోలేదు, నిదానంగా నడుస్తోంది. ఉప్పల్ కొడుకు శుక్ర, శని రాత్రులు తల్లిదండ్రుల ఇంట్లోనే పడుకుంటున్నాడు. ఆ రెండు రాత్రులు తల్లికి నిద్ర. ఆదివారం ఆరాధన అయ్యాక చేపల మార్కెట్‌కు ముగ్గురూ కలిసి వెళతారు. సంచి ఆయనే పట్టుకుంటారు, బేరం ఆయనే ఉర్దూలో ఆడతారు, డబ్బులు ఆమె ఇస్తుంది. చేప మొప్ప ఎత్తి తాజాదో కాదో చూడడం ఆయన మరిచిపోలేదు.

మీ ఇంట్లో పెద్దవారు పాత ముచ్చట్లు చెబుతుంటే సంతోషంగా వినండి. విన్న తర్వాత, “పొద్దున ఏం తిన్నవు నాయినా?” అని ప్రేమగా ఒక మాట అడగండి. జవాబు రాకపోతే కోప్పడకండి, దాచకండి, దిగులుపడకండి. మందుల సంచి, పాత రిపోర్టులు, వారిని రోజూ దగ్గరుండి చూసే మనిషిని వెంటబెట్టుకుని రండి. దేవుడు మీ ఇంటి పెద్దలను చల్లగా చూడాలని మా ప్రార్థన.